మాడ్ వీల్ మీద ఎడమ చెయ్యి: ఆర్కెస్ట్రా శాంపిల్ లైబ్రరీలతో మొదలుపెట్టేవారికి
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళకి స్పీకర్లు సరిగ్గా వినబడుతున్నాయా? సరే, మొదలుపెడదాం. శాంపిల్ లైబ్రరీ అంటే నిజమైన వాయిద్యాల స్వరాల్ని ఒక్కొక్కటిగా రికార్డు చేసిన సేకరణ. దాన్ని కీబోర్డుతో ఎలా వాయించాలో ఇవాళ చూద్దాం.

ఈ బల్ల మీదున్న కీబోర్డుకి 61 కీలున్నాయి, రెండు చక్రాలున్నాయి, సొంత శబ్దం మాత్రం లేదు. ఒక కీ నొక్కితే వైరు గుండా కంప్యూటరుకు వెళ్ళేవి మూడే మూడు బైట్లు. ఫలానా ఛానెల్లో నోటు మొదలైందని ఒకటి, అది ఏ నోటో చెప్పే నంబరు ఒకటి, వెలాసిటీ ఒకటి. వాయిద్యాలు, కంప్యూటర్లు సంఖ్యలతో మాట్లాడుకునే భాష మిడి. 1983లో దాని ప్రమాణం వచ్చినప్పుడు ఎలా ఉందో ఈ లెక్క ఇప్పటికీ అలాగే ఉంది. నోటు నంబర్లు 0 నుంచి 127 దాకా ఉంటాయి, మిడిల్ సీ 60. దాన్ని కొన్ని సాఫ్ట్‌వేర్లు సీ3 అంటాయి, మరికొన్ని సీ4 అంటాయి. ఆ గొడవ లేకుండా ఇవాళ నంబర్లే చెబుతాను. వెలాసిటీ అంటే చాలామంది బలం అనుకుంటారు గానీ అది వేగం. మామూలుగా కీ కింద రెండు కాంటాక్టులుంటాయి. మొదటిది తగిలాక రెండోది తగలడానికి ఎంతసేపు పట్టిందో చూసి కీబోర్డు ఆ సంఖ్యను పంపిస్తుంది.

పియానోకి ఈ సమాచారం దాదాపు సరిపోతుంది. సుత్తి తీగను తాకాక ఆ స్వరం మన చేతిలో ఉండదు, తనంతట తనే తగ్గిపోతుంది. వయొలిన్, ఫ్లూట్, హార్న్ అలా కాదు. వాటిలో స్వరం మొదలయ్యాక పెరగొచ్చు, తగ్గొచ్చు, మళ్ళీ పెరగొచ్చు. విల్లు కదులుతున్నంతసేపూ, ఊపిరి ఆడుతున్నంతసేపూ స్వరం వాద్యకారుడి అదుపులోనే ఉంటుంది. నొక్కిన క్షణంలో వెళ్ళిన ఒక్క వెలాసిటీ సంఖ్య ఆ తర్వాతి మూడు సెకన్లలో స్వరం ఏమవ్వాలో చెప్పలేదు. ఆ పని ఎడమ చేతిది. హార్మోనియం వాయించేవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కుడిచెయ్యి మెట్ల మీద, ఎడమచెయ్యి తిత్తి మీద. ఇక్కడ తిత్తి స్థానంలో ఉన్నది ఈ మాడ్యులేషన్ చక్రం, అంటే మాడ్ వీల్, మిడి భాషలో కంట్రోలర్ నంబరు 1. అందరూ సీసీ1 అంటారు. ఇవాళ నేను చెప్పబోయేదాంట్లో సగం దీని గురించే.

ముందు లైబ్రరీ లోపల ఏముంటుందో చూద్దాం. వాద్యకారుల్ని హాల్లో కూర్చోబెట్టి ఒక్కో స్వరాన్నీ విడిగా రికార్డు చేస్తారు. వయొలిన్ల బృందాన్నే తీసుకోండి. 55 నుంచి 96 దాకా 42 స్వరాలు. ఒకటి విడిచి ఒకటి రికార్డు చేసినా 21. మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా అని మూడు స్థాయులు. ఒక్కో స్థాయిలో నాలుగేసి సార్లు. అంటే 252 రికార్డింగులు. మైకులు మూడు చోట్ల పెడితే 756. ఇదంతా స్పికాటో అనే ఒక్క వాయింపు పద్ధతికే. విల్లు సాగదీసి వాయించడం, తీగ మీటే పిజికాటో, వణికించే ట్రెమొలో ఒక్కొక్కటీ మళ్ళీ మొదటి నుంచి. వీటిని ఆర్టిక్యులేషన్లు అంటారు. పెద్ద లైబ్రరీలు వందల గిగాబైట్లు ఎందుకు తింటాయో దీంతో అర్థమై ఉంటుంది.

మొదటి లైబ్రరీ కోసం డబ్బు పెట్టకండి. కొంటే తిరిగివ్వడానికి చాలా కంపెనీలు ఒప్పుకోవు. మీకేం కావాలో మీకింకా తెలియదు కూడా. స్పిట్‌ఫైర్ ఆడియో వాళ్ళ బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా డిస్కవర్ ఉచితంగా దొరుకుతుంది. కొన్ని వందల మెగాబైట్లే కాబట్టి పాత లాప్‌టాప్ కూడా మోస్తుంది. వెర్సిలియన్ వాళ్ళ వీఎస్‌సీఓ 2 కమ్యూనిటీ ఎడిషన్ కూడా ఉచితమే. దాని ఎస్‌ఎఫ్‌జెడ్ ఫైళ్ళని ప్లోగ్ కంపెనీ ఉచితంగా ఇచ్చే స్ఫోర్ట్‌జాండోలో తెరవొచ్చు. ప్రాజెక్ట్‌సామ్ వాళ్ళ ద ఫ్రీ ఆర్కెస్ట్రా ఉచిత కాంటాక్ట్ ప్లేయర్లో నడుస్తుంది. కాంటాక్ట్ అంటే లైబ్రరీల్ని పలికించే సాఫ్ట్‌వేర్. దాని విషయంలో ఒక్క జాగ్రత్త. పూర్తి కాంటాక్ట్ వేరు, ఉచిత ప్లేయర్ వేరు. ప్లేయర్ కోసం లైసెన్సు చెయ్యని లైబ్రరీని ప్లేయర్లో తెరిస్తే డెమోగా కొద్దిసేపు పలికి ఆగిపోతుంది. కొనేముందు ఆ పేజీలో 'పూర్తి కాంటాక్ట్ కావాలి' అని రాసుందేమో చూసుకోండి.

కీబోర్డు గురించి. పియానో వాయించేవాళ్ళు 88 బరువైన కీలు కావాలంటారు. ఈ పనికి అవసరం లేదు. స్పికాటో లాంటి పొట్టి స్వరాలు వేగంగా కొట్టడానికి తేలికైన కీలే నయం. 49 కీలతో పని జరుగుతుంది గానీ 61 ఉంటే కుదురుగా ఉంటుంది, ఎందుకో కీస్విచ్‌ల దగ్గర చెబుతాను. నిజంగా చూడాల్సింది ఎడమవైపు. చక్రం పెట్టిన చోట ఆగాలి. చిన్న కీబోర్డుల్లో కొన్నిటికి చక్రాల బదులు స్ప్రింగు ఉన్న జాయ్‌స్టిక్ ఉంటుంది, వేలు తీస్తే సున్నాకి వచ్చేస్తుంది. స్వరం సాగుతుండగా వేలు జారిందా, ఆర్కెస్ట్రా మొత్తం కుప్పకూలుతుంది. అలాంటిదే ఉంటే పారెయ్యక్కర్లేదు, రెండు మూడు ఫేడర్లున్న చిన్న కంట్రోలర్ పక్కన పెట్టుకోండి. ఒక ఫేడరుకి సీసీ1, ఇంకోదానికి వాల్యూమ్ ఒక్కటే మార్చే సీసీ11 కేటాయిస్తే చాలు. నన్నడిగితే చక్రం కన్నా ఫేడరే హాయి. ప్రయాణం పొడుగు, చెయ్యి అలవాటు పడుతుంది.

ఇక కంప్యూటరు. లైబ్రరీ మొత్తాన్నీ ర్యామ్‌లోకి ఎక్కించదు. ఒక్కో శాంపిల్ మొదటి ముక్కని మాత్రమే ర్యామ్‌లో పెట్టుకుని, మీరు కీ నొక్కగానే మిగతాది డిస్కు నుంచి తెచ్చుకుంటుంది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియో అయితే సెకనుకి 288 కిలోబైట్లు. కీ ఒక్కటే నొక్కారు కదా అనుకోకండి. మూడు మైకులు, కలుస్తున్న రెండు స్థాయులు కలిపి ఆరు శాంపిళ్ళు ఒకేసారి నడుస్తాయి. నాలుగు స్వరాలు ఒకేసారి నొక్కే కార్డుకి 24, అంటే సెకనుకి సుమారు 7 మెగాబైట్లు. పది ట్రాకులైతే 70. పాత తిరిగే హార్డ్ డిస్కు వరసగా చదివితే ఈ వేగాన్ని అందుకుంటుంది, కానీ ఇవి డిస్కంతా చెల్లాచెదురుగా ఉన్న ఫైళ్ళు. సూది అటూ ఇటూ పరిగెత్తడంలోనే సమయమంతా పోతుంది, స్వరాలు మధ్యలో తెగిపోతాయి. శాంపిళ్ళు ఎస్‌ఎస్‌డీ మీద పెట్టండి. మైకుల్లో ఒకటి ఉంచి మిగతావి ఆపేస్తే భారం మూడో వంతుకి దిగుతుంది. రాస్తున్నంతసేపూ ఒక్క మైకు చాలు.

నొక్కాక శబ్దం ఆలస్యంగా వస్తోందంటే అది బఫర్, అంటే శబ్దాన్ని బయటికి పంపేముందు కంప్యూటరు పోగేసుకునే ముక్క. ఇక్కడ శాంపిల్ అంటే రికార్డింగు కాదు, శబ్దపు ఒక్కో కొలత. 48 కిలోహెర్ట్జ్‌లో 256 శాంపిళ్ళ బఫర్ అంటే 5.3 మిల్లీసెకన్లు, 1024 అంటే 21. వాయించేటప్పుడు 128 లేదా 256 పెట్టుకోండి, మిక్సింగ్ అప్పుడు 1024కి పెంచండి. విండోస్‌లో అయితే ఆసియో డ్రైవర్ ఎంచుకోండి. మామూలు విండోస్ డ్రైవరుతో బఫర్ ఎంత తగ్గించినా ఆ ఆలస్యం పూర్తిగా పోదు.

సరే, రీపర్ తెరిచాను. మీ దగ్గర వేరే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్నా పద్ధతి ఇదే. కొత్త ట్రాకు, అందులో చెల్లోల బృందం, పొడుగు స్వరాల ప్యాచ్, అంటే లైబ్రరీలోంచి తెరుచుకునే ఒక్కో వాయిద్యం. ట్రాకుని రికార్డుకి సిద్ధం చేశాను, మిడి ఇన్‌పుట్ ఎంచాను, మానిటరింగ్ ఆన్ చేశాను. ఇప్పుడు నొక్కుతున్నాను.

ఏమీ రాలేదు. మీటర్లో ఏదో పచ్చగా మెరిసింది గానీ చెవికి అందలేదు. కొత్తవాళ్ళు ఇక్కడే లైబ్రరీ పాడైందనుకుని మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తారు. చక్రం అడుగున ఉంది, అంతే. సగం దాకా ఎత్తుతున్నాను, వినండి. వచ్చింది కదా. అప్పటికీ రాకపోతే రెండో అనుమానం శ్రుతి పరిధి. వయొలిన్‌కి 55 కింద స్వరం లేదు. వయొలా 48, చెల్లో 36, డబుల్ బేస్ మామూలుగా 28 దగ్గర మొదలవుతాయి. కీబోర్డు ఆక్టేవ్ బటన్ పొరపాటున నొక్కి ఉంటే మీరు వాయించేది ఆ వాయిద్యంలో లేని స్వరం. మూడో అనుమానం మిడి ఛానెల్.

ఇప్పుడు కీ నొక్కి పట్టుకుని చక్రాన్ని మెల్లగా పైకి తీసుకెళ్తాను. గమనించండి, పెరుగుతున్నది వాల్యూమ్ ఒక్కటే కాదు. కింద మెత్తగా, కొంచెం గాలి కలిసినట్టుంది. పైకి వచ్చేసరికి విల్లు తీగని కరుస్తున్న గరుకు వినబడుతోంది. మెల్లగా వాయించిన రికార్డింగు నుంచి గట్టిగా వాయించిన రికార్డింగుకి సాఫ్ట్‌వేర్ జారుకుంటూ వెళ్తోంది. హార్న్‌లో అయితే ఇంకా స్పష్టం, పైన లోహపు మెరుపు వచ్చేస్తుంది. అందుకే మిక్సర్ ఫేడర్ పెంచడంతో ఈ పని జరగదు. అది మెల్లగా వాయించిన శబ్దాన్నే పెద్దగా వినిపిస్తుంది, గట్టిగా వాయించిన శబ్దాన్ని తెచ్చిపెట్టలేదు.

సోలో వాయిద్యాలతో ఒక చిక్కుంది. రెండు రికార్డింగులూ కలుస్తున్న చోట చక్రాన్ని ఆపితే ఒక్క ఫ్లూట్ రెండు ఫ్లూట్లలా వినబడుతుంది. పదిమంది బృందంలో అది తెలియదు, సోలోలో దొరికిపోతుంది. ఆ చోటు ఏ సంఖ్య దగ్గరుందో మీ లైబ్రరీలో ఒకసారి చెవితో పట్టుకోండి. అక్కడ ఆగకుండా దాటెయ్యండి.

ఎనిమిది బార్ల పాట ఒకటి చేద్దాం. టెంపో 72. చెల్లో లెగాటో ప్యాచ్, 48 నుంచి 69 మధ్య స్వరాలు. లెగాటో అంటే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తెగకుండా వెళ్ళడం. ఆ జారుడుని కూడా వాద్యకారులతో విడిగా రికార్డు చేయించారు. అది పలకాలంటే రెండు స్వరాలు కాస్త ఒకదానిమీద ఒకటి పడాలి. కొత్త కీ నొక్కాకే పాత కీ వదలాలి. స్వరాల్ని గీతలుగా చూపే పియానో రోల్‌లో చూస్తే మొదటి గీత చివర రెండోదాని మొదలు మీదికి కొద్దిగా వచ్చి ఉండాలి. మధ్యలో సందు కనబడితే అక్కడ విల్లు ఎత్తి మళ్ళీ పెట్టినట్టు పలుకుతుంది. కావాలనే ఎత్తితే మంచిదే, అది వాక్యం చివరి విరామం. ఒకేసారి రెండు స్వరాలు మాత్రం ఈ ప్యాచ్‌లో అడక్కండి, చాలా లైబ్రరీల్లో లెగాటో ఒకసారికి ఒక్క స్వరాన్నే పలికిస్తుంది.

చక్రం 40 దగ్గర మొదలుపెట్టాను. మొదటి రెండు బార్లు 55 దాకా, మూడో బారులోని పొడుగు స్వరం మీద 85, తర్వాత వాక్యం చివరికి 35. అయిపోయాక ఆ సీసీ గీతను చూడండి. ఎనిమిది బార్లకి రెండే గుట్టలు. కొత్తలో అందరూ చేసేది ప్రతి స్వరానికీ ఒక గుట్ట. కింది నుంచి పైకి, మళ్ళీ కిందికి, స్వరస్వరానికీ ఉబ్బడం, తగ్గడం. వినేవాళ్ళకి కడుపులో తిప్పుతుంది. గుట్ట వాక్యానిది, స్వరానిది కాదు. రెండో తప్పు 0 నుంచి 127 దాకా మొత్తం వాడెయ్యడం. 100 పైన ఉన్నదాన్ని పాట మొత్తంలో ఒకటి రెండు చోట్లకి దాచుకోండి. మౌసుతో సరళరేఖలు గీసే అలవాటు కూడా వద్దు. చేత్తో ఒకసారి సరిగ్గా రాకపోతే స్వరాలు అలాగే ఉంచి సీసీ ఒక్కటే రెండోసారి రికార్డు చెయ్యండి. ప్రతి సాఫ్ట్‌వేర్లోనూ దానికి ఓవర్‌డబ్ ఉంటుంది.

ఇక్కడ చాలామందిని విసిగించే సంగతి ఒకటుంది. ఈ పాటని క్వాంటైజ్ చేస్తాను, స్వరాలన్నీ తాళపు గీతల గ్రిడ్ మీద కూర్చున్నాయి. వినండి. వెనకబడింది! కళ్ళకి సరిగ్గా ఉంది, చెవికి ఆలస్యం. కారణం ఆ జారుడే. కీ నొక్కగానే ముందు జారుడు పలుకుతుంది, ఆ తర్వాతే అసలు స్వరం స్థిరపడుతుంది. ఈ లైబ్రరీలో దానికి సుమారు 150 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. 120 టెంపోలో పదహారో వంతు స్వరం 125 మిల్లీసెకన్లే. అంటే ఆలస్యం ఆ స్వరం కన్నా పొడుగు. అందుకని ట్రాకు డిలే దగ్గర మైనస్ 150 పెట్టండి. ప్లేబ్యాక్‌లో ట్రాకంతా ముందుకు జరుగుతుంది, గ్రిడ్ చెడదు. ఒక్క సవరణ మిగులుతుంది. వాక్యంలో మొదటి స్వరానికి ముందు జారుడు ఉండదు కాబట్టి అది ఇప్పుడు తొందరపడి ముందే వచ్చేస్తుంది. దాన్నొక్కదాన్నీ చేత్తో కుడివైపు జరపండి. కచ్చితమైన అంకె ఒక్కో లైబ్రరీకి ఒక్కోలా ఉంటుంది, వేగాన్ని బట్టి కూడా మారొచ్చు. మెట్రోనోమ్‌తో పాటు వింటూ పదేసి మిల్లీసెకన్లు మార్చి చూసుకోండి.

పొట్టి స్వరాల సంగతి దీనికి పూర్తిగా తిరగబడుతుంది. స్పికాటో, స్టకాటో, పిజికాటో ఇవన్నీ ఎక్కువ లైబ్రరీల్లో వెలాసిటీకే పలుకుతాయి, చక్రం పట్టించుకోవు. ఒకే స్వరాన్ని ఎనిమిదిసార్లు కొడితే ఒకే రికార్డింగు ఎనిమిదిసార్లు వచ్చి టకటకా మిషన్ గన్‌లా మోగకుండా, ప్రతిసారీ వేరే రికార్డింగు తీసే ఏర్పాటుంది. దాన్ని రౌండ్ రాబిన్ అంటారు. అయినా వెలాసిటీ అంతా 110 ఉంటే మిషన్ గన్ వాసన పోదు. బారు మొదటి దెబ్బ 95, మిగతావి 60 నుంచి 75 మధ్య ఎగుడుదిగుడుగా ఉంచండి. క్వాంటైజ్ వందశాతం వద్దు, 70 చాలు.

పొడుగు, పొట్టి మధ్య మారడానికి కీస్విచ్‌లుంటాయి. వాయిద్యం పరిధికి బయట, చాలావరకు కింద, కొన్ని కీలు శబ్దం చెయ్యవు, ఆర్టిక్యులేషన్ మారుస్తాయి. 49 కీలలో వీటికి చోటు మిగలదని ముందు చెప్పదలుచుకున్నది ఇదే. కీస్విచ్ నోటు అసలు స్వరం కన్నా ముందు పడాలి. రెండూ క్వాంటైజ్ అయి ఒకే గీత మీద కూర్చుంటే ఏది ముందు వెళ్తుందో నమ్మకం లేదు, పిజికాటో రావలసిన చోట విల్లు వినబడుతుంది. కీస్విచ్‌ని కాస్త ఎడమకి లాగి పెట్టండి. కానీ నా సలహా, మొదట్లో కీస్విచ్‌లు అసలు వాడకండి. చెల్లో పొడుగు ఒక ట్రాకు, చెల్లో పొట్టి ఇంకో ట్రాకు. పొడుగుకి మైనస్ 150 కావాలి, పొట్టికి మైనస్ 40 సరిపోవచ్చు. ఒకే ట్రాకులో ఉంటే రెండూ ఎలా పెడతారు?

కార్డుల దగ్గరికొద్దాం. పియానోలో రెండు చేతులతో పట్టే కార్డుని అలాగే వయొలిన్ల ప్యాచ్ మీద నొక్కుతారు. మొదటి వయొలిన్ల బృందంలో 16 మంది ఉన్నారనుకోండి. మీరు నొక్కిన ప్రతి కీకీ ఆ 16 మందీ వస్తారు. నాలుగు స్వరాల కార్డుకి 64 వయొలిన్లు. శబ్దం బురదగా, పెద్ద ఆర్గన్‌లా ఉండేది అందుకే. పెద్ద ఆర్కెస్ట్రాలో మొదటి వయొలిన్లు 16, రెండో వయొలిన్లు 14, వయొలాలు 12, చెల్లోలు 10, బేస్‌లు 8 అనేది మామూలుగా కనబడే లెక్క, మొత్తం 60 తీగ వాయిద్యాలు. కార్డుని పంచండి. బేస్‌కి 36, చెల్లోకి 48, వయొలాకి 55, రెండో వయొలిన్‌కి 64, మొదటి వయొలిన్‌కి 72. ఇది సీ మేజర్. కింద దూరం ఎక్కువ, పైన అంతకన్నా దగ్గర. 48 కింద రెండు స్వరాల్ని పక్కపక్కన పెడితే గుంయ్‌మంటుంది. ఒక్కో వరసనీ విడిగా, చక్రంతో సహా వాయించండి. ఒక ట్రాకు సీసీని మిగతా నాలుగిటికీ కాపీ చేస్తే అయిదు వరసలూ ఒకేలా ఊపిరి పీలుస్తాయి, మళ్ళీ ఆర్గన్ దగ్గరికే వచ్చేస్తాం.

రెవర్బ్ అంటే ప్రతిధ్వని, పాన్ అంటే శబ్దాన్ని ఎడమకో కుడికో జరపడం. వాటి గురించి రెండు ముక్కలు. హాల్లో వాద్యకారుల్ని వాళ్ళ వాళ్ళ చోట్ల కూర్చోబెట్టి రికార్డు చేసిన లైబ్రరీలో వయొలిన్లు ఎడమవైపే వినబడతాయి. మళ్ళీ పాన్ తిప్పకండి. హాలు ప్రతిధ్వని కూడా అందులోనే ఉంది. పొడిగా స్టూడియోలో రికార్డు చేసినదైతే రెండూ మీరే కలపాలి.

ఇక ప్రశ్నలు అడగండి.

శ్రోత: సీసీ1 ఉండగా సీసీ11 ఎందుకండీ?

సీసీ1 తో నాదం, వాల్యూమ్ రెండూ మారతాయి. సీసీ11, అంటే ఎక్స్‌ప్రెషన్, వాల్యూమ్ ఒక్కటే మారుస్తుంది. చాలా లైబ్రరీల్లో చక్రం పూర్తిగా దించినా మెల్లగా వాయించిన శబ్దం ఎంతో కొంత మిగిలే ఉంటుంది. ఆఖరి స్వరం నిశ్శబ్దంలో కలిసిపోవాలంటే అక్కడ సీసీ11 ని సున్నాకి తెస్తాం. తర్వాతి స్వరానికి ముందు దాన్ని మళ్ళీ ఎత్తడం మర్చిపోతే ఆ తర్వాతదంతా మూగబోతుంది. సీసీ7 ని మాత్రం వాయిద్యాల మధ్య తూకానికి ఒకసారి పెట్టి వదిలెయ్యండి.

శ్రోత: మధ్యలోంచి ప్లే చేస్తే ఒక్కోసారి శబ్దం వేరేగా ఉంటోంది.

మీరు మొదలుపెట్టిన చోటికి ముందున్న సీసీ విలువ లైబ్రరీకి అందలేదు, అంతకుముందు చక్రం ఎక్కడుంటే అక్కడే ఉండిపోయింది. సాఫ్ట్‌వేర్లో చేజ్ అనే సెట్టింగు ఉంటుంది, అందులో కంట్రోలర్లని ఆన్ చెయ్యండి. ప్రతి ముక్క మొదట్లో ఒక సీసీ1, ఒక సీసీ11 విలువ చేత్తో పెట్టడం ఇంకా భద్రం.

శ్రోత: స్వరాలు వదిలినా ఆగట్లేదు, కలిసిపోతున్నాయి.

సస్టెయిన్ పెడల్ కావచ్చు, సీసీ64. పియానో అలవాటుతో కాలు పెడల్ మీదికి పోతుంది, అది కూడా రికార్డవుతుంది. సీసీ64 వరస తెరిచి తుడిచెయ్యండి. పెడల్ తొక్కకుండానే ఇలా ఉంటే అది తలకిందులుగా పనిచేస్తోంది. చాలా కీబోర్డులు ఆన్ అయ్యే క్షణంలో పెడల్ ఎలా ఉందో చూసి అదే వదిలిన స్థితి అనుకుంటాయి. కాలు పెట్టకుండా కీబోర్డు ఆపి మళ్ళీ ఆన్ చెయ్యండి.

శ్రోత: పాట శ్రుతి రెండు మెట్లు పెంచాను. అప్పట్నుంచి వయొలిన్లు ఎక్కడపడితే అక్కడ పిజికాటో వాయిస్తున్నాయి.

అన్నీ కలిపి ఎంచి ట్రాన్స్‌పోజ్ చేసి ఉంటారు. వాటితో పాటు కీస్విచ్ నోట్లు కూడా రెండు మెట్లు పైకి వెళ్ళాయి. లెగాటో కీ ఉన్న చోటు నుంచి జరిగి పిజికాటో కీ మీద పడ్డాయి. అన్‌డూ చేసి, వాయిద్యం పరిధిలో ఉన్న స్వరాల్ని మాత్రమే ఎంచి మళ్ళీ పెంచండి. వయొలిన్ అయితే 55, ఆ పైనవి.